పన్నెండు కాకుండానే భోజనాలు

పిల్లల మీద జరిగే అఘాయిత్యాల గురించి పెట్టే సదస్సులకి నేను ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. పిల్లల కేసులు చూసే వకీలుని కాబట్టి పిలుస్తారు, పిలిచారు కాబట్టి వెళతాను. వెళ్లిన ప్రతిసారీ మొదటి గంటా పళ్లు కొరుక్కుంటూ కూర్చుంటాను. స్టేజి వెనక ఫ్లెక్సీ మీద మోకాళ్లలో తల పెట్టుకుని ఏడుస్తున్న పాప బొమ్మ ఉంటుంది. ఆ పాప మన పిల్ల కాదు, ఏ దేశపు పిల్లో, ఇంటర్నెట్‌లోంచి తీసి అతికిస్తారు. దాని ముందు దీపం వెలిగిస్తారు. చీఫ్ గెస్టు గారు గంట ఆలస్యంగా వచ్చి, పిల్లలూ దేవుడూ చల్లనివారే అని చెప్పి, శాలువా కప్పించుకుని, ఇంకో ప్రోగ్రాం ఉందని వెళ్లిపోతారు. ఆయన వెళ్లాక గాని అసలు సదస్సు మొదలు కాదు.

మొదలయ్యాక మాత్రం చూడాలి. రాజోలు అవతలి నుంచి రెండు ఆటోలూ ఒక బస్సూ మారి వచ్చిన ఏఎన్ఎమ్ములు, కొత్తపేట వైపు హైస్కూలు మాస్టర్లు, యూనిఫాం తీసేసి చుడీదార్లో వచ్చిన ఆడ కానిస్టేబుళ్లు, హాస్టలు వార్డెన్లు, నాలాంటి నల్లకోట్ల వాళ్లు. పిల్లతో మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చోవాలా, పక్కన కూర్చోవాలా అని అరగంట వాదించుకుంటారు. ఒకసారి ఓ కానిస్టేబులమ్మాయి, ‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు’ అని పిల్లని ఎప్పుడూ అడగకూడదన్న మాట వినగానే, పుస్తకం తీసేంత ఆగలేక దాన్ని ఎడం అరచేతి మీద బాల్‌పెన్నుతో రాసుకుంది. భోజనాల దగ్గర చెయ్యి కడుక్కునేటప్పుడు ఆ చేతిని తడవకుండా వెనక్కి పెట్టుకుంది. అలాంటివాళ్లని చూసినప్పుడు నా వెటకారం దానంతటదే పోతుంది. నేర్చుకున్నందుకు జీతం పెరగదు, పేరు రాదు, ఇంటికెళితే ఏం నేర్చుకున్నావని అడిగేవాళ్లుండరు. అయినా వచ్చి నేర్చుకుంటారు. వాళ్లంటే నాకు గౌరవం. ఈ మాట స్టేజి మీద ఎప్పుడూ అనలేకపోయాను, ఇక్కడ అంటున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది రెండేళ్ల కిందట అమలాపురంలో, ఓ కల్యాణ మండపంలో జరిగిన సదస్సు సంగతి. అందులో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి ఉంది. దాన్ని సర్దిన మనిషి ఒకావిడ ఉన్నారు.

ముందు ఆవిడ గురించి చెబుతాను. గోదావరి పాయల మధ్య ఓ లంక ఊళ్లో ఆవిడ అంగన్‌వాడీ టీచరు. వయసు యాభై దాటింది. ఆ ఊరికి వెళ్లాలంటే పంటు ఎక్కి పాయ దాటాలి. పంటు దిగగానే రేవు ఒడ్డునే ఆవిడ కేంద్రం. మనిషి పొట్టి, చురుకెక్కువ, చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ‘అండీ’ లేకుండా వాక్యం పూర్తిచెయ్యడం ఆవిడకి రాదు. మేకపిల్లని అదిలించాల్సి వచ్చినా ‘అవతలికెళ్లండి’ అంటారేమోనని నేను ఆటపట్టించేదాన్ని. ‘మేక మాత్రం ఎవరో ఒకరి ఇంటిదే కదండీ’ అనేవారు.

ఆ ఊళ్లో తొమ్మిదో తరగతి చదివే ఓ అమ్మాయి ఒకరోజు సాయంత్రం ఆవిడ దగ్గరకొచ్చి కూర్చుంది. చిన్నప్పుడు ఆ కేంద్రంలో గుడ్డు తిని, పాలు తాగి పెరిగిన పిల్లే. తల్లి గల్ఫ్‌లో ఇళ్లల్లో పనికి వెళ్లింది. తండ్రి అంబాజీపేటలో కొబ్బరి లారీల లోడింగ్‌కి పోయి వారానికోసారి ఇంటికొస్తాడు. పిల్ల పెద్దమ్మ గారింట్లో ఉంటోంది. ఆ ఇంటికి వచ్చిపోయే దగ్గరి బంధువొకడు ఏం చేశాడో ఇక్కడ రాయను. పిల్ల ఆ సంగతి చెప్పడం మొదలుపెట్టేసరికి టీచరు గారు చేటలో పప్పు పోసుకుని రాళ్లు ఏరుతున్నారు. మొదటి మాటకే సంగతి అర్థమైపోయిందట. అయినా ఏరడం ఆపలేదు, తలెత్తలేదు. “నేనాపితే అదీ ఆపేస్తదండి. అందుకని ఏరిందే మళ్లీ ఏరేను” అని తరవాత నాతో చెప్పారు. రాళ్లయిపోయాక మంచి పప్పుగింజల్నే ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతూ కూర్చున్నారట. పిల్లల మాట ఎలా వినాలో నేర్పడానికి మాకు పెద్ద ఊళ్ల నుంచి నిపుణులొచ్చి రెండేసి రోజులు స్లైడ్లు చూపిస్తారు. ఈవిడకి ఎవరు చూపించారో నాకు తెలియదు.

అంతా చెప్పాక ఆ పిల్ల అడిగింది ఒక్కటే. “కేసు పెడితే పెట్టండి టీచరు గారూ. ఊళ్లో తెలిస్తే మాత్రం నేనింక బడికెళ్లను.”

ఆవిడ మాటిచ్చారు. కేసు నా దగ్గరికే తెచ్చారు కాబట్టి, ఇచ్చిన మాట కోసం పడ్డ పాట్లు నేను కళ్లారా చూశాను. స్టేట్‌మెంటు ఊళ్లో వద్దని అమలాపురంలో తీసుకునేలా ఏర్పాటు చేయించారు. ఊళ్లో అడిగినవాళ్లకి పిల్లని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళుతున్నానని చెప్పారు. అది అబద్ధం కాకూడదని తిరుగుప్రయాణంలో నిజంగానే కళ్లు చూపించారు. ఆ బంధువు పనిచేసేది వేరే ఊళ్లో. పోలీసులు వాణ్ని అక్కడే పట్టుకున్నారు కాబట్టి మా వైపు గుప్పుమనలేదు. పెద్దమ్మ పదిరోజులు ఏడ్చి, పదకొండో రోజు నుంచి పిల్లని కంటికి రెప్పలా చూసుకోవడం మొదలుపెట్టింది. పిల్ల బడికి వెళుతూనే ఉంది. వాడికి శిక్ష పడడం కోర్టు చేతిలో ఉంది. ఆ పిల్ల బడి మానకుండా ఉండడం మాత్రం మా నాలుగు నోళ్ల చేతిలోనే ఉంది. ఆ నోళ్లలో ఒకటి నాది.

సరిగ్గా అప్పుడు అమలాపురం సదస్సు వచ్చింది. ‘అందరూ బాగా పనిచేసిన కేసు ఒకటి చెప్పండి మేడమ్, ఎప్పుడూ ఓడిపోయినవే చెప్పుకుంటున్నాం’ అని నిర్వాహకులు అడిగారు. న్యాయమైన కోరికే. ఈ కేసు రాస్తానని ఒప్పుకున్నాను.

పిల్ల పేరు మార్చాను. ఊరి పేరు రాయలేదు. పేరొక్కటే కాదు, ఆనవాలు పట్టించే ఏ వివరమూ బయటపెట్టకూడదని చట్టంలో ఉంది. అది నాకు కంఠతా వచ్చు. కంఠతా వచ్చినవి ఎదటివాళ్లకే గాని మనకి వర్తించవనుకోవడం వకీళ్ల జబ్బు. దానికి తోడు నాకు కొంచెం రాసే పిచ్చి ఉంది. ఉత్త సెక్షన్లు, తేదీలు రాస్తే ఎవడు వింటాడని, పంటు రాశాను, రేవు రాశాను, చేటలో పప్పు రాశాను, గల్ఫ్ నుంచి తల్లి ఫోను చేసే వేళ రాశాను. ఆ పిల్ల ఖోఖోలో జిల్లా జట్టుకి ఆడుతుంది. ‘మైదానంలో పరుగు అందుకుంటే ఆమెను తాకగలిగిన చెయ్యి లేదు’ అని ఒక వాక్యం రాశాను. (ఆ ఆట ఖోఖో కాదు. ఇక్కడ ఖోఖో అని రాస్తున్నాను. ఈసారి తెలివి తెచ్చుకున్నాను.) ఆ వాక్యం రాసి నన్ను నేనే మెచ్చుకున్నాను. మా వారికి చదివి వినిపిస్తే ‘బావుంది’ అని మళ్లీ న్యూస్‌పేపరు వెనక్కి వెళ్లిపోయారు. టీచరు గారికి మాత్రం ముందుగా చూపించలేదు. సదస్సులో ఒక్కసారిగా వింటే ఆవిడ మురిసిపోతారనుకున్నాను.

సదస్సు రోజు పొద్దున్న అంబాజీపేట నుంచి పొట్టిక్కలు తెప్పించారు. పనసాకు బుట్టల్లో ఉడికిన ఇడ్లీ, పక్కన కొబ్బరి పచ్చడి. తిన్నవాళ్లందరూ మంచి మనసుతో హాల్లోకి వచ్చారు. దీపం, శాలువా, చీఫ్ గెస్టు అన్నీ అయ్యాయి. పదకొండున్నర వేళ నన్ను పిలిచారు.

చదవడం మొదలుపెట్టాను. హాలు నిశ్శబ్దమైపోయింది. పప్పు ఏరే చోట ముందు వరసలో ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. ఖోఖో వాక్యం దగ్గర ఎవరో ‘ఆహా’ అన్నారు కూడా. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో ఆ పిల్ల నా కళ్ల ముందు లేదు. నా గొంతు ఎంత బాగా పలుకుతోందో అదే వింటున్నాను.

ఇక్కడ మా కోనసీమ వాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. మాలో ఇద్దరు కలిస్తే మొదట ఊరు అడుగుతారు, తరవాత ఎవరి తాలూకు అని అడుగుతారు, ఆ పైన అమ్మమ్మది ఏ ఊరో, మేనత్తని ఎక్కడిచ్చారో అడుగుతారు. వరస తేలేదాకా కాఫీ చల్లారిపోయినా పట్టదు. బస్సులో పక్క సీటువాడు రావులపాలెం వచ్చేలోపు మీకు బావగారై దిగుతాడు. ఇది కూపీ లాగడం కాదు, ప్రేమే. పెద్దవాళ్లు అలా అడిగితే బదులివ్వకుండా నోరు మూసుకుని కూర్చోవడం మా పెంపకంలో లేదు.

ముందు వరసలో ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారున్నారు. ఏ సదస్సయినా ఆయనదే మొదటి కుర్చీ, వచ్చినవి వచ్చినట్టు రాసుకునే మనిషి. నేను పేజీ తిప్పుతుంటే లేచి, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా అడిగారు.

“ప్లీడరు గారూ, అడ్డొచ్చేనని అనుకోకండి. ఆ రేవు ఫలానా లంక రేవేనాండీ? ఆ పక్క బళ్లో నేను పనిచేసేనండి.”

నేనిక్కడ ఫలానా అంటున్నాను గాని, ఆయన ఊరి పేరు ఉన్నదున్నట్టు చెప్పేశారు. కోర్టులో సాక్షులకి నేను నేర్పే మొదటి పాఠం, అడిగినదానికల్లా తలూపకు అని. ఇరవై ఏళ్లుగా అదే నేర్పుతున్నాను. పెద్దాయన, చేతులు కట్టుకుని నిలబడ్డారు, నవ్వుతూ అడిగారు.

“ఆయ్” అని తలూపాను.

నోరా వీపుకు తేకే అని మన పెద్దలు ఊరికే అనలేదు. అప్పటికీ నాకు తెలియలేదు, అసలు చిత్రం అదే. రెండో వరసలో ఓ హాస్టలు వార్డెను పక్కావిడ వైపు వంగి, గుసగుస అనుకుని పైకే, “అయితే ఆ ఖోఖో ఆడే పిల్లేమోనండీ, వాళ్లమ్మ కూడా...” అని మొదలుపెట్టింది. పక్కవాళ్లు అటు తిరిగారు. ఇద్దరు ముగ్గురు ఏదో లెక్క కట్టుకుంటున్నట్టు పైకి చూశారు. నేను స్టేజి మీద నిలబడి, సభలో కదలిక వచ్చిందని సంబరపడుతున్నాను.

అప్పుడు హాలు వెనక నుంచి ఒక గొంతు ఖంగుమంది.

“భోజనాలండీ. వడ్డించేసేరు. అందరూ లేవండి, చల్లారిపోతన్నాయి.”

టీచరు గారు. తలుపు దగ్గర నిలబడి రెండు చేతులతో జనాన్ని పిలుస్తున్నారు. పన్నెండు కూడా కాలేదు. నిర్వాహకులు మొహమొహాలు చూసుకున్నారు. కానీ మా వైపు భోజనానికి పిలుపొచ్చాక ఏ వక్తా నిలబడలేడు, పిలిచినవాళ్లని కాదని కుర్చీలో కూర్చుంటే అది ఇంకా తప్పు. వార్డెను మాట సగంలో ఉండగానే పక్కావిడ చెప్పులు వెతుక్కుంది. రెండు నిమిషాల్లో హాలు ఖాళీ. మైకు ముందు నేనూ, చేతిలో ఇంకా నాలుగు పేజీలు.

నాకు కోపం నషాళానికంటింది. నా కోపం సంగతి అమలాపురం కోర్టులో గుమాస్తాలనడిగితే చెబుతారు. కాగితాలు చుట్టచుట్టి పట్టుకుని వెనకాల వంటల షెడ్డు దగ్గరికి వెళ్లాను. అక్కడ వంటాయన నాకన్నా ముందే ఆవిడ మీద ఎగురుతున్నాడు.

“అన్నం ఇంకా వార్చలేదండీ బాబూ. ఎవరు పిలవమన్నారండీ మిమ్మల్ని?”

“తప్పు నాదేనండి, తరవాత తిడుదురుగాని. పులిహోర అయ్యింది కదండీ, ముందది వెయ్యండి. నెమ్మదిగా వెయ్యండి. అన్నం ఈలోపు వార్చేద్దురుగాని.”

ఆవిడ ఇటు తిరగగానే నేను అందుకున్నాను. “ఏమిటండీ ఈ పని? నేను చదువుతుండగా, అంతమందిలో, లేని భోజనానికి పిలుస్తారా?”

ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని షెడ్డు పక్కకి తీసుకెళ్లారు. వెనక ఎవరూ లేరని చూసుకున్నారు.

“ఇంకో నిమిషం ఉంటే పిల్ల పేరొచ్చేసేదండి, ప్లీడరు గారూ.”

“పేరు నేను చెప్పలేదు కదా.”

“మీరు చెప్పలేదండి. రేవు చెప్పేరు, వాళ్లమ్మ ఎక్కడుందో చెప్పేరు, ఆట చెప్పేరు. మాస్టారు ఊరడిగితే ఆయ్ అన్నారు. మా లంకలో ఆ ఆట ఆడే పిల్లలెంతమందండీ? అదొక్కత్తే. ఈ మాట నాలుగింటి బస్సెక్కితే ఆరింటి పంటుకి మా ఊళ్లో దిగుద్దండి. రేపు పొద్దున్న అది బడికెళ్లదు.”

నా కోపం ఎటు పోయిందో తెలియదు. అక్కడ బోర్లించి ఉన్న గుండిగ మీద కూర్చుండిపోయాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బావుండుననిపించింది. పైగా ఓదార్పుగా, “మీరు చాలా బాగా రాసేరండి. అదేనండి వచ్చిన చిక్కు” అన్నారు.

తరవాత జరిగినదాన్ని నేను ఆవిడ వెనకాలే నడిచి చూశాను. నేను చేసింది ఏమీ లేదు.

హెడ్మాస్టరు గారు భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. టీచరు గారు వెళ్లి ఆయన పక్కన కూర్చున్నారు. “మాస్టారూ, మీ మేనత్తగారిని మా లంకలోనే ఇచ్చేరు కదండీ?” అన్నారు. ఆయన మొహం విచ్చుకుంది. “ఆయ్, మీకెలా తెలుసమ్మా?” అన్నారు. అక్కడ మొదలుపెట్టి ఆవిడ మేనత్త తోటికోడలి మీదుగా, తన అత్తవారి మీదుగా, రెండు పెళ్లిళ్లూ ఒక పెంపకమూ దాటించి, పులిహోర పూర్తయ్యేలోపు వరస తేల్చేశారు.

“అలా చూసుకుంటే నేను మీకు చెల్లెల్నవుతానండి, అన్నయ్యగారూ.”

“అంతే అంతే. అవుతావమ్మా.”

“మరయితే మా ఊరి పిల్లలంతా మీకు మేనకోడళ్లే కదండీ.”

ఆయన చేతిలో ముద్ద ఆగింది. ఆవిడ గొంతు తగ్గించారు. “మేనకోడలి సంగతి మేనమావ నోట బయటికొస్తదాండీ?”

ఆయన ముద్దని ఆకులో పెట్టేశారు. “ముప్ఫయ్యారేళ్లు బళ్లో పనిచేసేనమ్మా. నేనడగకుండా ఉండాల్సింది” అన్నారు. జేబులోంచి తను రాసుకునే పుస్తకం తీసి, పొద్దున్న రాసిన పేజీ చింపి, నాలుగు మడతలు పెట్టి ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ దాన్ని కొంగున ముడేసుకుని, ఆయన ఆకులో పప్పు వెయ్యమని వడ్డించే ఆయన్ని పిలిచారు.

వార్డెను దగ్గర వరసలు నడవలేదు. ఆవిడ ఉద్యోగం ఇక్కడే గాని, ఊరు వేరే జిల్లా. “నేనేం అనలేదండీ, ఊరికే అనుకున్నాను” అని గట్టిగానే మాట్లాడింది. టీచరు గారు వాదించలేదు. “మీ హాస్టల్లో పిల్లలెవరన్నా మీకిలాంటి మాట చెప్పుకున్నారాండీ ఎప్పుడన్నా?” అని మాత్రం అడిగారు. “ఒకత్తుంది” అంది వార్డెను, ఆకులోకి చూస్తూ. “ఆ పిల్ల కథ ఇందాకట్లా మైకులో చదివితేనండీ?” వార్డెను పెరుగన్నం కలుపుతున్నదల్లా ఆపేసింది. నా వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపు నాకు తగినదే. “నా నోట రాదండి” అని టీచరు గారి చేతి మీద తన ఎడం చెయ్యి వేసింది. ఆ పక్కావిడ సంగతి కూడా తనే చూసుకుంటానంది.

భోజనాలయ్యాక నా పేపరు మిగతా సగం ఉంది. నేను లేచి అందరి ముందూ తప్పు ఒప్పుకుంటానన్నాను. అంత పెద్ద మాట చెప్పాక ఆవిడ మెచ్చుకుంటారనుకున్నాను.

“వద్దండి. తప్పయ్యిందని చెప్తే ఏం తప్పో వెతుక్కుంటారు. మరీ గుర్తుండిపోద్ది.”

“మరి నన్నేం చెయ్యమంటారు?”

“చట్టం చదవండి, ప్లీడరు గారూ. భోజనం చేసేక చట్టం వింటే పొద్దుటి సంగతి ఎవరికీ గుర్తుండదండి.”

ఆవిడ నవ్వకుండా అన్నారు. నేనూ నవ్వకుండానే వెళ్లి, ఏభై నిమిషాల సేపు, సెక్షను తరవాత సెక్షను, ఉపసెక్షనుతో సహా, ఎక్కడా గొంతు హెచ్చించకుండా చదివాను. ఎంతో బాగా మాట్లాడతానని పేరున్నదాన్ని. పావుగంటకి మొదటి గురక వినపడింది. అరగంటకి ఫ్యాన్ల చప్పుడూ నా చప్పుడూ కలిసిపోయాయి. మధ్యలో ఒక్క చక్కటి ఉదాహరణ చెప్పాలని నాలుక దురద పెట్టింది, మింగేశాను. సాయంత్రం అభిప్రాయాల కాగితాల్లో ఎవరో ‘మధ్యాహ్నం వకీలు గారి ఉపన్యాసం చాలా విసుగు’ అని రాశారు. నా జన్మలో నాకొచ్చిన మెచ్చుకోళ్లలో దాన్నే నేను దాచుకున్నాను. అందరికీ పంచడానికి తెచ్చిన పేపరు కట్టని ఇంటికి తీసుకెళ్లి నీళ్లపొయ్యిలో పెట్టాను.

మర్నాడు పది దాటాక ఆవిడ ఫోను చేశారు. “బడికెళ్లిందండి” అన్నారు. ఆ పైన వారం రోజులు, అడక్కుండానే, రోజూ అదే వేళకి ఫోను చేసి ఆ ఒక్క ముక్కే చెప్పారు. ఏడో రోజున నేను ఏడ్చేశాను. ఆ పిల్లని ఒకసారి కలిసి క్షమించమని అడుగుతానన్నాను.

“ఎందుకండీ?” అన్నారు. “మీరడిగితే మీ బరువు దిగుద్ది. అది దాని నెత్తిన పడుద్ది. మొయ్యండి కొన్నాళ్లు.”

అంత మర్యాదగా, అంత నిర్దాక్షిణ్యంగా నాతో ఎవరూ మాట్లాడలేదు. మోస్తున్నాను.

మరుసటేడు సదస్సు కొత్తపేటలో. ఈసారి నేను నిర్వాహకుల్లో ఉన్నాను. ఫ్లెక్సీ మీద ఏడుస్తున్న పాప బొమ్మ తీయించడం నా మొదటి ఘనకార్యం. రెండోది, టీచరు గారికి సన్మానం చెయ్యాలని పట్టుబట్టడం. అందరూ ఒప్పుకున్నారు, ఆవిడ ఒప్పుకోలేదు. “నాకు శాలువా కప్పితే ఎందుకు కప్పేరని అడుగుతారు కదండీ. మీరు చెప్పకపోతే మా ఊళ్లో ఏం జరిగిందా అని ఆరా తీస్తారు” అన్నారు. ఆ ఏడు శాలువాలు చీఫ్ గెస్టుకీ, నాకూ, మండపం ఓనరుకీ కప్పారు. నా శాలువా కింద ఎంత ఉక్కపోసిందో నాకే తెలుసు. ఇదంతా రాస్తానన్నప్పుడు కూడా ఆవిడ ముందు వద్దన్నారు. తరవాత చదివించుకుని, మార్చాల్సినవి మార్పించి, తన గురించి రాసిన మంచి మాటల్లో సగం కొట్టేయించి, అప్పుడు సరేనన్నారు.

కొత్తపేట సదస్సులో మధ్యాహ్నం పిల్లల సభ పెట్టాం. నాలుగైదు మండలాల హైస్కూళ్ల నుంచి పిల్లల్ని పిలిపించి, పెద్దవాళ్లందర్నీ కింద కూర్చోబెట్టి, పిల్లల్ని మాట్లాడమన్నాం. ఎవరిని పంపాలో బళ్లే చూసుకున్నాయి. నడిపించే పని నాది. పేర్ల చీటీ చేతికొచ్చాక చూశాను. ఆ పిల్ల పేరుంది. తలెత్తితే స్టేజి మీద మూడో కుర్చీలో కూర్చుని, పక్క పిల్లతో ఏదో చెప్పి నవ్వుతోంది. పదో తరగతికొచ్చింది, పొడుగయ్యింది. ముందు వరసలో హెడ్మాస్టరు గారున్నారు. ఆయన వెనకాలే వార్డెను. ఆఖరి వరసలో టీచరు గారు. చీటీ పట్టుకుని మైకు దగ్గరికి నడిచాను.

‘మీ బళ్లో ఒక్కటి మార్చమంటే ఏం మారుస్తారు’ అన్నది ప్రశ్న. మొదటి అబ్బాయి ఆటలకి బంతి కావాలన్నాడు. రెండో అబ్బాయి మాస్టార్లు కొట్టకూడదన్నాడు. వాళ్ల మాస్టారు అక్కడే ఉండడంతో హాలంతా నవ్వింది. మూడో పేరు పిలిచాను. ఆ పిల్ల గబగబా వచ్చి మైకు తన ఎత్తుకి సరిచేసుకుంది.

“మా బళ్లో ఆడపిల్లల బాత్‌రూం తలుపుకి గెడ ఊడిపోయిందండి. ఒకళ్లు లోపలికెళితే ఇంకొకళ్లు బయట కాపలా ఉండాలి. గెడ పెట్టించండి.”

అంతే చెప్పి, నమస్కారం పెట్టి, వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. చప్పట్లు కొట్టారు. బంతి అడిగినవాడికి ఎన్ని కొట్టారో అన్నే. హెడ్మాస్టరు గారు తల దించుకుని పుస్తకంలో రాసుకున్నారు. అందరి పిల్లల మాటలూ రాసుకుంటున్నట్టే. వార్డెను తన పక్కావిడతో, ‘మా హాస్టల్లోనూ అదే బాధండి’ అంది.

నాకు ఆఖరి వరసకేసి ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుంది. చూస్తే నా కళ్లలో నీళ్లు ఆగవు, హాలంతా వెనక్కి తిరిగి నేను ఎవరిని చూస్తున్నానో చూస్తుంది. తల దించుకుని, నా చీటీ మీద ‘గెడ’ అని రాసుకుని, నాలుగో పేరు పిలిచాను.